నల్లగొండ ఎండల గ్రో టెంట్: ఫ్యాన్ పెడితే చల్లగయితదా? నాలుగు నెలల రివ్యూ

నమస్తే అందరికీ. ముందుగాల ఈ సప్పుడు వినుండ్రి.

(ఫ్యాన్ సప్పుడు)

ఫిబ్రవరి నుంచి మా ఇంట్ల రాత్రింబవళ్ళు ఇదే సప్పుడు. నాలుగంగుళాల ఇన్‌లైన్ ఫ్యాన్, అంటే గాలి పైపుకు బిగించేది. మా నాయిన దీనికి "కొత్తిమీర విమానం" అని పేరు పెట్టిండు. చుట్టాలొస్తే మేడ మీదికి తోల్కొచ్చి మరీ చూపెడుతుండు.

మాది నల్లగొండ. గడియారం సెంటర్ నుంచి పది నిమిషాల దూరం. మేడ మీద ఒక్కటే రూం, దాని మీద ఉత్త స్లాబ్. మే నెలల ఇక్కడ 44, 45 డిగ్రీలంటే ఎవ్వరూ ఆశ్చర్యపోరు. అసొంటి రూంల నేను గుడారం లెక్క ఒక టెంట్ వేసి, అండ్ల లైటు పెట్టి, ఆకుకూర పెంచుత అని కూసున్న. ఎందుకంటే ఎండకాలంల కొత్తిమీర కట్టకు ధర ఉంటది గాని ఆకుండదు. బయట కుండీల ఏద్దామంటే ఎండ 30 దాటినంక ధనియాలు సరిగ మొలవయి. మొలిచినా మూడు ఆకులు రాంగనే కాడ లేపి పువ్వుకొస్తది. లెట్యూస్ గురించైతే అడగనే వద్దు.

ఇగ కిట్ సంగతి. ఆన్‌లైన్ల తెప్పిచ్చిన, అన్నీ కలిపి 22 వేలు పడ్డది. కంపెనీ పేరు చెప్ప, ఎందుకంటే ఇదే సరుకు పది పేర్ల మీద అమ్ముతున్నరు. టెంట్ నాలుగడుగులు బై నాలుగడుగులు, ఎత్తు ఆరున్నర. లోపట అద్దం లెక్క మెరిసే మైలార్ షీటు, బయట మందం నల్ల బట్ట. ఇనుప రాడ్లు గట్టిగనే ఉన్నయి, పైన లైటు, ఫ్యాను రెండూ ఏలాడదీసినా వంగలే. జిప్పు మాత్రం మూల మలుపు కాడ పట్టుకుంటది, మెల్లగ తియ్యాలె. టెంట్ గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు. బట్ట బట్టే.

లైటు డబ్బా మీద 2000 వాట్స్ అని ఇంత పెద్ద అక్షరాలల్ల ఉన్నది. ప్లగ్ మీటర్ పెట్టి చూసిన. ఇగో, 195. ఇది చూసి నాకు కోపం రాలే, నిజం చెప్పాలంటే సంబురమైంది. ఎందుకంటే లైటు ఎన్ని వాట్ల కరెంటు తింటే, ఆఖరికి అన్ని వాట్ల వేడి టెంట్ల పడ్డట్టే. ఎల్ఈడీ చల్లగుంటది అంటరు గదా, అది బల్బుతోని పోల్చినప్పటి మాట. ఆకు మీద పడ్డ వెలుగు గూడ చివరికి వేడే అయితది. నిజంగ 2000 వాట్లయితే నా టెంట్ రొట్టెల పొయ్యి అయిపోతుండె.

ఇప్పుడు అసలు ముచ్చట, ఫ్యాను.

ఏప్రిల్ల ఒకనాడు మధ్యాహ్నం రూంల 38 ఉన్నది. టెంట్ మూసి, లైటు వేసి, ఫ్యాన్ బంద్ చేసి చూసిన. ఇరవై నిమిషాలల్ల 47. ఇగ ఆపేసిన, ఇంకింత చూసే ధైర్యం లేకుండె. ఫ్యాన్ ఫుల్‌ల పెడితే 41న్నరకు దిగింది. గంట ఉన్నా 41న్నరే, రెండు గంటలున్నా అంతే. అప్పుడు చాలామంది చేసే పనే నేను గూడ చెయ్యబోయిన. ఆరంగుళాల పెద్ద ఫ్యాన్ కార్ట్‌ల పెట్టిన.

కొనలే. మా నాయిన ఒక్క మాటన్నడు. "బోర్ల ఫ్లోరైడ్ నీళ్ళొస్తుంటే, మోటరు పెద్దది బిగిస్తే మంచినీళ్ళొస్తయారా?" అన్నడు. నల్లగొండల పుట్టినోనికి ఇంతకంటే సాఫ్‌గ ఎవ్వరు చెప్తరు. ఫ్యాన్ పని టెంట్ల గాలిని బయట పడేసి, రూంల గాలిని లోపటికి గుంజుడు. రూంల 38 ఉంటే టెంట్ల 38 కంటే కిందికి రానే రాదు. ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా ఆ పైన ఉన్న మూడున్నర డిగ్రీలతోనే కొట్లాట.

ఆ మూడున్నర గూడ పనికొచ్చే నెంబరే. లైటు వాట్లను 1.76తోని గుణించి, టెంటుకు, రూంకు ఉన్న డిగ్రీల తేడాతోని భాగించుండ్రి. నిమిషానికి ఎన్ని ఘనపు అడుగుల గాలి పోతున్నదో సుమారుగ తెలుస్తది. నాది లెక్కేస్తే వందకు దగ్గర వచ్చింది. ఫ్యాన్ డబ్బా మీద ఏమున్నది? 200. మిగిలిన సగం గాలి ఏడికి పోయింది?

అండ్ల కొంత తినింది ఇగో ఇది, కార్బన్ ఫిల్టర్. బొగ్గు గుండ నింపిన డబ్బా. లోపటి వాసన బయటికి పోకుండ ఆపుతది. కొత్తిమీర వాసన బయటికి పోవద్దని ఈ భూమ్మీద ఎవరన్నా కోరుకుంటరా? ఇది ఎవరి కోసం కిట్ల పెట్టిండ్రో మీకు తెలుసు, నాకు తెలుసు. ఆ పంట గురించి నన్ను అడగకుండ్రి, 1985 నుంచి మత్తుమందుల మీద ఎన్‌డీపీఎస్ చట్టం ఉన్నది, జైలున్నది. మనకైతే ఈ డబ్బా గాలికి అడ్డమే. తీసి పక్కకు పెట్టిన.

రెండోది ఈ వెండి రంగు పైపు. పదడుగులు ఇచ్చిండ్రు, నాకు కావల్సింది నాలుగు. కట్ చేసుడు ఎందుకని ముడుచుకున్నది ముడుచుకున్నట్టే రెండు వంపులు తిప్పి కిటికీల పెట్టిన. లోపట అంతా ముడతలే, గాలి తట్టుకుంటనే పోతది. కత్తెరతోని నాలుగడుగులకు కోసి, బిగువుగ గుంజి, ఒక్కటే వంపుతోని కట్టిన. తేడా రెండు డిగ్రీల మీద పిసరు మిగిలింది. అంటే గాలి 160 దాకా వస్తున్నట్టు. రూపాయి ఖర్చు లేదు.

మూడోది గాలి వచ్చే తొవ్వ. చూడుండ్రి, ఫ్యాన్ ఫుల్‌ల పెట్టంగనే టెంట్ గోడలు లోపటికి గుంజుకపోతున్నయి. కొంచెం గుంజుకుంటే మంచిదే, గాలి మనం చెప్పిన తొవ్వలనే వస్తున్నదని అర్థం. కానీ నాకు గోడ వచ్చి ట్రేల మీద పడి మొలకలను వంచింది. కింద జాలీ కిటికీ ఒక్కటే తెరిచిన, అందుకు. గాలి పోయే పైపు మూతికి రెండింతలన్నా వచ్చే సందు ఉండాలె. రెండు జాలీలు తెరిచిన, గోడలు నెమ్మదించినయి. వచ్చేది కింద, పోయేది పైన. వేడి ఎట్లాగు పైకే లేస్తది గనుక.

కిట్ల వచ్చిన థర్మామీటర్‌ను లైటు కిందనే ఏలాడదీయకుండ్రి. వెలుగు నేరుగ పడితే అది మూడు డిగ్రీలు ఎక్కువ చూపెడుతది. ఆకు ఎత్తుల పెట్టి, మీద అట్టముక్క నీడ పెట్టుండ్రి. నేను వారం రోజులు లేని వేడికి భయపడ్డ.

సరే, ఫ్యాన్ చెయ్యగలిగింది చేసింది. ఇగ రూం చల్లగ చెయ్యాలె. ఇక్కడ నేను రెండు తీర్ల చూసిన. మా ఇంట్ల కూలర్. మిర్యాలగూడల మా అక్కోళ్ళింట్ల ఏసీ. ఆడ వారం రోజులు టెంట్ పెడితే మా బావ ఏమనలే పాపం.

మా అక్క రూంల ఏసీ 28 మీద పెట్టి, టెంట్ గాలిని పైపుతోని కిటికీ బయటికి పంపిన. వేడి గాలి బయటికి పోవాలె గదా అని. ఏసీ ఆగకుండ నడుస్తనే ఉన్నది, రూం 31 కిందికి రాలే. తర్వాత తలకాయ పనిచేసింది. టెంట్ నిమిషానికి తక్కువల తక్కువ వంద ఘనపు అడుగుల చల్లగాలిని గుంజి బయట పారబోస్తున్నది. రూంల గాలి తగ్గితే, తలుపు సందులకెల్లి, కిటికీ సందులకెల్లి అంతే గాలి బయట నుంచి రావాలె. బయట 45! ఆ వంద అడుగుల గాలిని 45 నుంచి 28కి దింపాలంటే దగ్గర దగ్గర 970 వాట్ల చల్లదనం కావాలె. ఒక టన్ను ఏసీ మొత్తం బలం 3,500 వాట్లు. పావు వంతు మీద అందుకే పాయె. పైపు తీసేసి, గాలిని ఆ రూంలనే వదిలిన. ఇప్పుడు ఏసీ మోయాల్సింది లైటు వేడి 195 వాట్లే. గంటల 28 వచ్చింది. ఏసీ ఉంటే టెంట్ గాలి బయటికి పంపకుండ్రి. ఇది ఏ కిట్ కాయితంల రాయలే.

కూలర్ కాడికొస్తే మొత్తం ఉల్టా. కూలర్ గాలితోని తేమ గూడ తెస్తది. ఆ గాలి బయటికి పోకపోతే రూం ఉక్కపోసి, కూలర్ పనిచేసుడు బంద్ అయితది. కాబట్టి కూలర్ ఒక కిటికీల, బయటి గాలి గుంజేటట్టు. టెంట్ పైపు ఎదురు కిటికీల, బయటికి. మన దగ్గర మేల గాలి ఎండిన కట్టె లెక్కుంటది, అదే మన అదృష్టం. బయట 42, తేమ 20 శాతం ఉన్నప్పుడు గడ్డి మంచిగ తడిస్తే కూలర్ మూతి కాడ 28, 29 వస్తది. మా రూంల 30 నిలబడ్డది. జులైల వానలు పడి తేమ పెరిగినంక ఇదే కూలర్ ఉత్త ఫ్యానే.

ఆ తేమ ఆకుకు గూడ కావాలె. కూలర్ లేనప్పుడు టెంట్ల 40 డిగ్రీలు, 18 శాతం తేమ. ఆకు అంచులు కాయితం లెక్క ఎండినయి. నీళ్ళు పోస్తనే ఉన్న, ఎండుతనే ఉన్నయి. దీనికి వీపీడీ అని ఒక లెక్కుంటది, గాలి ఆకులకెల్లి నీళ్ళను ఎంత గట్టిగ గుంజుతున్నదని. ఆకుకూరకు 1 కిలోపాస్కల్ కాడ ఉంటే సుఖం. అప్పుడు నా టెంట్ల 6. వేర్లు తాగే దానికంటే గాలి తాగేది ఎక్కువైంది. ఇప్పుడు రాత్రి 28, తేమ 70 శాతం. లెక్క 1 మీద కొంచెం.

రాత్రి అన్న గదా, అది గూడ చెప్త. మొదట్ల లైటు పొద్దున 6 నుంచి రాత్రి 8 దాకా పెట్టిన. ఎండ ఉన్నప్పుడే లైటు, ఎంత తెలివి! కొత్తిమీరకు బయట పగలో రాత్రో ఏం తెలుస్తది? టైమర్ మార్చి రాత్రి 9కి ఏసి పొద్దున 11కి బంద్ చేస్తున్న. సాయంత్రం 6కే ఎందుకు వెయ్యనంటే, అప్పుడు స్లాబ్ పగలంతా తాగిన ఎండను కిందికి కక్కుతుంటది. చెయ్యి పైకెత్తితే సెగ తగులుతది.

ఆ స్లాబ్ మీద మా నాయిన, నేను రెండు పూతలు సున్నం కొట్టినం. తెల్లటి కప్పు ఎండను తిప్పికొడుతది. 2023ల రాష్ట్ర ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది గూడ దీని గురించే. మాకైన ఖర్చు 600. రూం రెండున్నర డిగ్రీలు తగ్గింది. 22 వేల కిట్ చెయ్యలేని పని అది.

ఒక దెబ్బ గూడ తిన్న. ఏప్రిల్ ఆఖర్ల ఒకనాడు పొద్దున 8కి కరెంట్ పోయి పది నిమిషాలకు వచ్చింది. లైటు దానంతటదే వెలిగింది. ఫ్యాన్ తిరగలే. దీని రెగ్యులేటర్ టచ్ బటన్ది, కరెంట్ పోతే పాత స్పీడు మర్చిపోయి ఆఫ్ మీదనే నిలబడ్డది. నేను డ్యూటీల ఉన్న. ఇంటికొచ్చేసరికి నాలుగు ట్రేలు ఉడికిన ఆకుకూర. అమ్మినోళ్ళకు ఫోన్ చేస్తే "మాన్యువల్ చదవండి సార్" అన్నరు. చదివిన. అండ్ల లేదు. ఇప్పుడు గుండ్రంగ తిప్పే పాత తీరు రెగ్యులేటర్ పెట్టి, ఫ్యాన్‌ను ఇన్వర్టర్ మీద ఏసిన. 30 వాట్లే గదా, నడుస్తది. లైటును మాత్రం ఇన్వర్టర్ మీద పెట్టకుండ్రి, ఫ్యాన్ ఆగి లైటు నడిచే రోజు రావొద్దు. లైటు వెనుక ఉండే, దానికి కరెంటు సరిచేసి ఇచ్చే డ్రైవర్ డబ్బాను గూడ విప్పి టెంట్ బయటికి తెచ్చిన, కొంత వేడి అటే పాయె.

కరెంట్ బిల్లు అడుగుతరు, చెప్త. లైటు రోజుకు 14 గంటలు, ఫ్యాన్ 24 గంటలు, రెండూ కలిపి నెలకు వంద యూనిట్ల మీద. కూలర్ వేరే. మాకు గృహజ్యోతి జీరో బిల్లు వస్తుండె. 200 యూనిట్లు దాటినంక మొత్తానికి బిల్లు కట్టాలె. ఏప్రిల్ బిల్లు చూసి మా నాయిన కాయితం మలిచి జేబుల పెట్టుకున్నడు, ఏమనలే. అనకపోవుడే ఎక్కువ బాధైంది. ఇప్పుడు లైటు మసక పెట్టి, సగం టెంట్లనే పెంచుతున్న.

కొనాల్నా అంటే, కొత్తిమీర పైసలు మిగిలియ్యాలని అయితే వద్దు. ఎన్నటికీ మిగలయి. మిరప నారు, టమాట నారు, మైక్రోగ్రీన్స్ అమ్ముకునేటోళ్ళకు, లేకుంటే నా అసొంటి పిచ్చోళ్ళకు పనికొస్తది. కొన్నా కిట్ కొనకుండ్రి. టెంట్ వేరే, ఫ్యాన్ వేరే, లైటు ప్లగ్ల అసలు ఎన్ని వాట్లు తింటదో అడిగి వేరే. కార్బన్ ఫిల్టర్ నాది అటక మీద ఉన్నది, కొత్తదే.

ఇగో, ఈ ట్రే మే 3న ఏసిన ధనియాలు. నలిపి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి ఏసిన. వాసన మీకు రాదు గాని... ఫిల్టర్ లేదు, మా అమ్మకు కింద వంటింట్లకు పోతున్నది. అరుస్తున్నది కూడా. కొత్తిమీర కోసం కాదు, కూలర్ల తాగే భగీరథ నీళ్ళు పోసిన్నని. బోరు నీళ్ళు పోస్తే గడ్డి మీద తెల్లగ ఉప్పు పేరుకుంటున్నది, ఏం చెయ్యాలె మరి. ఉంట, ట్యాంకు నిండిందో లేదో చూసొస్త.