అంతర్జాతీయ హెల్త్ ప్రోగ్రామ్ మేనేజర్ అసలు ఏం చేస్తాడు?

[ఆర్కే బీచ్ రోడ్డు. నడుస్తూ మాట్లాడాలి.]

"పబ్లిక్ హెల్త్‌లో పీజీ, అదే ఎంపీహెచ్ చేస్తే జెనీవాలో ఉద్యోగం వస్తుందా అన్నా?" అని ఏయూ కుర్రాళ్లు తెగ అడుగుతున్నారు. రావచ్చు. కానీ ముందు ఆ పనేంటో చూడండి, ఇక్కడ కాపురమంతా ఎక్సెల్ షీట్‌తోనే.

గ్లోబల్ ఫండ్ ఉంది కదా, 2002లో మొదలైంది, ఎయిడ్స్, టీబీ, మలేరియా మీద పనికి డబ్బిస్తుంది. దానికి దేశాల్లో సొంత ఆఫీసులుండవు. గ్రాంటు తీసుకున్న ప్రభుత్వమో, సంస్థో పని నడిపించుకోవాలి, అక్కడే మేనేజర్ కావాలి. దోమతెరలు ఎన్ని పంచారు, రిపోర్టు ఎప్పటికి పంపాలి, అన్నీ అతని నెత్తి మీదే. డబ్బు ఎక్కువ ఖర్చయితే సంజాయిషీ, మిగిలిపోయినా సంజాయిషీయే!

[వ్యాక్సిన్ సీసా, క్లోజప్.]

ఈ లేబుల్ మీద గుండ్రం, దాని మధ్యలో లేత రంగు చదరం కనిపిస్తోందా? వేడి తగిలేకొద్దీ చదరం ముదురుతుంది, చుట్టూ ఉన్న గుండ్రం రంగులోకి వచ్చేసిందంటే ఆ సీసా ఇక వాడకూడదు. చాలా టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. ఇప్పుడు పాడేరు ఘాట్ ఎక్కి, రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి నడిచి, బాక్సులో ఐస్ ప్యాకులు కరిగేలోపు ఊరు చేరాలంటే బండి ఎన్నింటికి బయల్దేరాలి, పీహెచ్‌సీలో కరెంటు పోతే ఎలా, ఆ రోజు సంత అయితే తల్లులు ఊళ్లో దొరుకుతారా, ఇవన్నీ ముందే ఆలోచించి పెట్టుకోవాలి. ఆఫ్రికాలో మలావీకెళ్లినా ఇదే టెన్షన్. అందుకే విదేశీ డిగ్రీకి అప్పు చేసే ముందు మన పాడేరు లాంటి ఏజెన్సీ ఊళ్లలో రెండేళ్లు పని చేయమంటాను నేను.

డాక్టరే కానక్కర్లేదు. అకౌంట్స్ వచ్చినవాళ్లకి గిరాకీ బాగా ఉంది, ఎందుకంటే 2020 సవరణ తర్వాత విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్ఏ కింద వచ్చిన విదేశీ విరాళంలో ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు, ఆ డబ్బుని ఇంకో సంస్థకి ఇవ్వకూడదు. ఫ్రెంచ్ వస్తే పశ్చిమ ఆఫ్రికాకి పనికొస్తుంది.

[కెమెరా వైపు తిరిగి.]

చేదు సంగతీ చెప్పాలి. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని ఒక్కసారిగా నిలిపేసింది, జూలై 1 నాటికి ఆ సాయం పంపే సంస్థ యూఎస్‌ఎయిడ్ మూతపడింది, దాని డబ్బు మీద నడిచే ప్రోగ్రాముల్లో ఎందరికో జీతాలు పోయాయి. ఇంట్లో "గవర్నమెంటు ఉద్యోగం లాంటిదే" అని చెప్పకండి, ఎక్కువగా కాంట్రాక్టులే. ఇంటర్వ్యూలో జీతం కన్నా ముందు గ్రాంటు ఎప్పటిదాకా ఉందో, ఆ డబ్బు ఒక్కరే ఇస్తున్నారో నలుగురిస్తున్నారో అడగండి, మొహమాటం వద్దు.