ఫారంలో ఆ గడి కొట్టేయండి

అందరికీ వందనాలు. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదవమని చీటీ చేతిలో పెట్టారు. ఒక్క పేరు తప్పిపోయినా భోజనాల దగ్గర మాట పడాలి కాబట్టి అందరికీ కలిపి ఒకటే దండం. గుణుపురం, కాశీనగర్, మోహన నుంచి పొద్దున్నే బస్సుల్లో నిలబడి పర్లాకిమిడి వచ్చినవాళ్లకి మాత్రం ఇంకో దండం అదనం.

నాకిచ్చిన అంశం సంఘ నాయకత్వంలో పర్సనాలిటీ టెస్టుల ఉపయోగం. ఉపయోగం గురించి చెప్తాను గానీ, ముందు నా కడుపులో ఉన్నది కక్కేయనివ్వండి. వచ్చే ఏడాదికి యూత్ లీడర్లనీ సండే స్కూల్ టీచర్లనీ ఎంచుకోడానికి కొత్త ఫారం తయారైంది. అందులో పేరు, బాప్తిస్మం తేదీ, చదువు అయ్యాక ‘పర్సనాలిటీ టైపు’ అని ఒక గడి ఉంది. మైయర్స్-బ్రిగ్స్ అనే టెస్టు రాస్తే మన స్వభావానికి గుర్తుగా నాలుగు ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి, అవి అక్కడ రాయాలట. అవి చూసి ఎవరిని ముందు నిలబెట్టాలో, ఎవరికి కుర్చీలు సర్దే పని ఇవ్వాలో తేలుస్తారట.

ఆ అక్షరాలు ఎక్కడివో చెప్తాను వినండి. అమెరికాలో కేథరిన్ బ్రిగ్స్ అని ఒకావిడ, ఆమె కూతురు ఇసబెల్ బ్రిగ్స్ మైయర్స్, ఇద్దరూ కలిసి కట్టిన పరీక్ష ఇది. కార్ల్ యూంగ్ అనే స్విట్జర్లాండ్ మానసిక వైద్యుడు 1921లో మనుషుల రకాల గురించి రాసిన పుస్తకం దీనికి పునాది. తల్లీకూతుళ్లు సైకాలజీ పట్టాలున్నవాళ్లు కారు, కానీ ఏళ్ల తరబడి ఓపిగ్గా పనిచేశారు, ఆ కష్టాన్ని నేను తీసిపారేయను. రెండో ప్రపంచ యుద్ధంలో కొత్తగా పనుల్లోకి వస్తున్న ఆడవాళ్లకి ఏ పని నప్పుతుందో తెలియాలని కూతురు ప్రశ్నలు తయారు చేయడం మొదలుపెట్టింది. ఇప్పుడు దాన్ని అమ్ముతున్నవాళ్లే ఉద్యోగాలకి మనుషుల్ని ఎంచడానికి దీన్ని వాడొద్దని చెప్తారు. అమ్మేవాడే వద్దన్న పనికి మనం ఫారంలో గడి గీశాం!

నేను నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని, నాకు తెలిసిన భాషలోనే చెప్తాను. మెట్లెక్కి ఆయాసంగా వచ్చినవాడికి వెంటనే బీపీ చూసి, ఆ అంకె పట్టుకుని జన్మంతా మందులు మింగమంటామా? కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూస్తాం, ఇంకో రోజు రమ్మంటాం. ఈ టెస్టు కొన్ని వారాలు ఆగి మళ్లీ రాయండి, చాలామందికి ఒక అక్షరమైనా మారుతుంది. ఎందుకంటే మనలో ఎక్కువమంది మధ్యలో ఉంటారు, అటూ కాదు ఇటూ కాదు. టెస్టు మాత్రం మధ్యకి గీత గీసి, గీతకి కాస్త ఇటున్నవాణ్ణి తనలో తానుండే ఇంట్రోవర్ట్ అనీ, కాస్త అటున్నవాణ్ణి నలుగురిలో చొరవగా ఉండే ఎక్స్‌ట్రోవర్ట్ అనీ రెండు గదుల్లో పెట్టి తాళం వేస్తుంది. సైకాలజీలో పరిశోధన చేసేవాళ్లు ఎక్కువగా నమ్మే ‘బిగ్ ఫైవ్’ అనే అయిదు గుణాల పద్ధతిలో ఈ గదులు ఉండవు, ఒక్కో గుణం ఎంత మోతాదులో ఉందో చూస్తారు, అంతే.

మరి చదివితే అచ్చం నా గురించే రాసినట్టుంది కదా అంటారు. 1948లో బెర్ట్రామ్ ఫోరర్ అనే ప్రొఫెసర్ క్లాసులో పిల్లలకి పర్సనాలిటీ టెస్టు పెట్టి, వారం తర్వాత ఎవరి ఫలితం వాళ్లకి ఇచ్చాడు. ఎంత సరిపోయిందో అయిదుకి మార్కులేయమంటే సగటున నాలుగు పైనే వేశారు. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం, అందులో వాక్యాలు జాతకాల పుస్తకంలోంచి ఎత్తినవి. మనం జాతకాలు చూడం, చూసేవాళ్లకి బుద్ధులు కూడా చెప్తాం. అవునా కాదా? గట్టిగా చెప్పండి.

ఇప్పుడు అసలు సంగతి. మా సంఘంలో ఒక కుర్రాడున్నాడు, పేరు చెప్పను. కొండ మీది ఊరు. ఇంట్లో సవర, బడిలో ఒడియా, చర్చిలో తెలుగు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన గజపతి జిల్లాని ఊడ్చేసిన రాత్రి, వీడు చేతిలో టార్చి, నెత్తిన యూరియా సంచి కప్పుకుని గడప గడపకీ తిరిగి, కదలనన్న ముసలాళ్లని సవరలో తిట్టి మరీ బడి బిల్డింగులోకి చేర్చాడు. ఒక తాత మేకని వదిలి రానంటే మేకని భుజానేసుకున్నాడు. తర్వాత కొన్నేళ్లకి వీణ్ణి లీడర్‌షిప్ ట్రైనింగుకి పంపాం. ఎవరు పెట్టారన్నది ఇక్కడ అనవసరం. అంతా ఇంగ్లీషు, మధ్య మధ్య హిందీ. వీడు మూడు రోజులూ మూల కూర్చున్నాడు. టెస్టులో ఇంట్రోవర్ట్ అని వచ్చింది, ‘వెనక ఉండి చేసే పనులకి తగినవాడు’ అని రాసిచ్చారు. వచ్చి ఆ కాగితం నాకు చూపించి, “సిస్టరమ్మా, నేను లీడర్ని కాదంట, ఇంకేటి చేస్తాను” అన్నాడు. ఆ నెల నుంచే సండే స్కూల్ మానేశాడు. పిల్లలు ఇప్పటికీ అడుగుతారు.

వీడు సవరలో ఒకలా ఉంటాడు, హిందీలో ఇంకోలా ఉంటాడు. మనమంతా అంతే కదండీ, ఈ సరిహద్దులో పుట్టినవాళ్లం! బరంపురం ఆఫీసులో నోరు మెదపని మనిషే ఇక్కడ పెళ్లి పందిట్లో మైకు వదలడు. ఏ మనిషికి టెస్టు పెట్టినట్టు?

మోషే ఆ ఫారం నింపితే ఏమయ్యేది? నోటి మాంద్యము, నాలుక మాంద్యము గలవాడనని తనే చెప్పుకున్నాడు. మార్కు అనే సహాయకుణ్ణి పౌలు తన వెంట తీసుకెళ్లనన్నాడు, బర్నబా తీసుకెళ్లాడు. చివరికి అదే పౌలు అతణ్ణి తీసుకురమ్మని తిమోతికి రాశాడు, పరిచర్యకి ప్రయోజనకరమైనవాడని.

సరే, ఉపయోగం. ఉంది, లేదనను. కమిటీలో ఇద్దరు ఎప్పుడూ గొడవపడుతుంటే, ఇద్దరూ టెస్టు రాసి, ఒకరి కాగితం ఒకరు చదివి, ‘ఓహో, నువ్వు ఆలోచించుకోడానికే టైం తీసుకుంటున్నావా, నేను పొగరనుకున్నాను’ అనగలిగితే అంతకన్నా ఏం కావాలి. ఇష్టమున్నవాళ్లే రాయాలి, కాగితం రాసినవాళ్ల దగ్గరే ఉండాలి, వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. నిజమో కాదో మీ ఆవిణ్ణి అడగండి, మీతో పదేళ్లు పనిచేసిన పెద్దని అడగండి. ఇంకోటి, పాస్టర్లు ఏమీ అనుకోవద్దు: కోపంతో అరిచేసి ‘నా టైపే అంత’ అంటే కుదరదు. అది టైపు కాదు, దానికి క్షమాపణ అడగాలి.

టైం అయిపోయిందని బెల్లు కొట్టారు. సెక్రటరీ గారూ, మీరు వెనక వరసలో ఉన్నారు, కనిపిస్తున్నారు. ఫారాలు ఇంకా ప్రెస్సుకి వెళ్లలేదని విన్నాను. ఆ గడి తీసేసి, అక్కడ ‘ఈయన పని దగ్గరుండి చూసిన ఇద్దరి పేర్లు’ అని పెట్టండి. పెడతారో లేదో భోజనాలకి ముందే, ఈ మైకులోనే చెప్పండి.