గిట్ గ్రెప్‌లో ఎక్స్‌క్లూడ్ బాగుంది కానీ ఆ ఆశ్చర్యార్థకం నాకొద్దు

ముందే చెప్పేస్తున్నా, ఒక కోడ్ సెర్చ్ యాప్ వాళ్ళు ఏడాది లైసెన్స్ ఊరికే ఇచ్చి రివ్యూ చెయ్యమన్నారు. పది రోజులు వాడా. ఫీచర్లు మీరు ఈపాటికి ఎక్కడో చూసే ఉంటారు, మళ్ళీ చదవను. నాక్కావాల్సింది ఒక్కటే, రిపోలో, అంటే ప్రాజెక్ట్ కోడంతా ఉండే చోట, వెతికేటప్పుడు అక్కర్లేని ఫైళ్ళు పక్కన పెట్టగలగాలి, అదే ఎక్స్‌క్లూడ్. వీళ్ళ దాంట్లో అది మూడు మెనూల లోపల దాక్కుంది, పైగా ఒకసారి పెడితే అన్ని ప్రాజెక్టులకీ అంటుకుంటుంది. విసుగొచ్చి మళ్ళీ గిట్ గ్రెప్ (కోడ్ మార్పులు దాచిపెట్టే గిట్ టూల్‌లోనే ఉండే సెర్చ్ కమాండ్) దగ్గరికే వచ్చేశా, కాబట్టి ఈ రివ్యూ దానిదే.

స్క్రీన్ చూడండి. ఇన్‌వాయిస్ అని వెతికా. ఎవరో మహానుభావుడు మినిఫై చేసిన, అంటే ఖాళీలన్నీ తీసి కుదించిన, జావాస్క్రిప్ట్ ఫైల్ కమిట్ చేశాడు (గిట్‌లోకి ఎక్కించాడు), ఫైలంతా ఒకే లైను, ఒక్క మ్యాచ్‌కే టెర్మినల్ నిండిపోయింది, నాకు కావాల్సిన మూడు లైన్లు ఎక్కడికో పైకి పోయాయి. గిట్‌ఇగ్నోర్‌లో, అదే గిట్ పట్టించుకోకూడని ఫైళ్ళ జాబితాలో, పెట్టొచ్చుగా అని కామెంట్ పెట్టకండి, ఆల్రెడీ కమిట్ అయిన ఫైల్ దాని మాట వినదు. రిప్‌గ్రెప్ అనే ఇంకో సెర్చ్ టూల్ అయితే ఇగ్నోర్ రూల్ చూసి దాన్ని దాటేస్తుంది, గిట్ గ్రెప్ మాత్రం ట్రాక్ అవుతున్న ప్రతి ఫైలూ తడుముతుంది.

సో ఏం చెయ్యాలంటే, కమాండ్ చివర్లో రెండు డ్యాష్‌లు, స్పేస్, కోట్స్‌లో కోలన్, ఆశ్చర్యార్థకం, స్టార్ డాట్ మిన్ డాట్ జేఎస్. ఎంత లోపలి ఫోల్డర్లో ఉన్నా ఆ ఫైళ్ళు మాయం. 2017లో వచ్చిన 2.13 కంటే పాత గిట్ అయితే ఆ కోట్స్‌కి ముందు విడిగా ఒక చుక్క కూడా పెట్టాలి, లేకపోతే దేన్లోంచి తియ్యమంటావ్ అన్నట్టు ఎర్రర్ ఇస్తుంది.

ఇక నా కడుపుమంట. బ్యాష్‌లో, అంటే టెర్మినల్‌లో మన కమాండ్లు నడిపే ప్రోగ్రామ్‌లో, ఆశ్చర్యార్థకం అంటే పాత కమాండ్ల హిస్టరీ. అలవాటుగా డబుల్ కోట్స్ పెట్టారా, అయిపోయారు. ఆశ్చర్యార్థకం తర్వాత మామూలు పేరుంటే ఈవెంట్ నాట్ ఫౌండ్ అని అరుస్తుంది, అది నయం. స్టార్ ఉంటే మాత్రం అరవదు, ఇందాకటి కమాండ్‌కి మీరిచ్చిన ఆర్గ్యుమెంట్లన్నీ తెచ్చి అక్కడ అతికించేస్తుంది! నేను అరగంట నా ప్యాటర్నే తప్పనుకుని దాన్నే మారుస్తూ కూర్చున్నా. సింగిల్ కోట్స్ వాడండి, లేదా ఆశ్చర్యార్థకం బదులు ^ గుర్తు పెట్టండి. ఇదీ 2.13లోనే వచ్చింది, మార్చింది స్వయంగా గిట్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్సే, అంటే మంట నా ఒక్కడిదే కాదన్నమాట.

ఇంకోటి, ఇది పూర్తిగా నా తప్పే. సుఖంగా ఉంటుందని ఎక్స్‌క్లూడ్‌లన్నీ ఒక అలియాస్‌లో (పొడుగు కమాండ్‌కి పెట్టుకునే పొట్టి పేరు) పడేసి మర్చిపోయా, అందులో బయటివాళ్ళ కోడ్ ఉండే వెండర్ ఫోల్డర్ కూడా ఉంది. ఒక ఫంక్షన్ ఎక్కడైనా వాడుతున్నారా అని వెతికితే ఏమీ రాలేదు, ధైర్యంగా డిలీట్ చేశా, తీరా చూస్తే ఆ వెండర్ ఫోల్డర్లోనే మేమే ప్యాచ్ చేసుకున్న ఫైల్ దాన్ని పిలుస్తోంది, బిల్డ్ ఢమాల్. ఫలానా ఫైళ్ళు వదిలేశా అని గిట్ గ్రెప్ ఒక్క ముక్క చెప్పదు, పాపం వదిలెయ్యమన్నది నేనేగా. అప్పట్నుంచి ఏదన్నా డిలీట్ చేసే ముందు అలియాస్ లేకుండా ఇంకోసారి వెతుకుతున్నా, స్క్రీన్ నిండినా సరే.

నా మార్కులు పదికి 8, పోయిన రెండూ ఆ ఆశ్చర్యార్థకం ఖాతాలో రాసుకోండి. యాప్ లైసెన్స్ ఇంకా పదకొండు నెలల పైనే ఉంది, కానీ నిన్నే అన్‌ఇన్‌స్టాల్ చేసేశా.