పైపు ఒకరిది, కొట్టు ఒకరిది

తమ్ముడు: అక్కా, నిన్న నాన్న టీవీ పెట్టారు. ఓటీటీ (నెట్‌లో సినిమాలు, సిరీస్‌లు చూపించే) యాప్ తెరవగానే పైనుంచి కింద దాకా వాళ్ల సొంత సిరీస్‌లే. "ఇది నెట్ న్యూట్రాలిటీకి, అంటే నెట్‌లో అన్ని సైట్లనీ సమానంగా చూడాలన్న నియమానికి విరుద్ధం కాదా?" అని నన్ను అడిగారు. నేను నీళ్లు నమిలాను.

అక్క: (నవ్వుతూ) నాన్నకి 2015 గొడవ గుర్తుందన్నమాట! అప్పుడు ఆ సమానత్వం కావాలంటూ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి లక్షల్లో మెయిళ్లు వెళ్లాయి. 2016 ఫిబ్రవరి 8న రూల్ వచ్చింది: నువ్వు ఏ సైట్ చూస్తున్నావన్న దాన్ని బట్టి డేటా రేటు మారకూడదు. కొన్ని సైట్లనే ఉచితంగా చూపించే ఫేస్‌బుక్ వాళ్ల ఫ్రీ బేసిక్స్ మన దేశంలో అక్కడితో సరి. 2018లో టెలికాం శాఖ, కావాలని స్పీడ్ తగ్గించడం కూడా కుదరదంది. అయితే ఇదంతా పైపు వేసినవాడికి, అంటే మనకి నెట్ ఇచ్చే కంపెనీకి. యాప్ అంటే కొట్టు.

తమ్ముడు: కొట్టువాడు ఏ సబ్బు ముందు పెట్టుకున్నా వాడిష్టమా?

అక్క: నా లెక్కలో అంతే. ఏ సినిమా ఏ వరసలో ఉండాలో ప్రభుత్వం చెప్పడం మొదలుపెడితే నాకు ఇంకా భయం.

తమ్ముడు: పైపూ కొట్టూ ఒకరివే అయితే?

అక్క: అసలు చిక్కు అక్కడే ఉందిరా. 2025 మార్చిలో జియో 299 రూపాయలు, ఆపైన రీఛార్జ్‌కి తమ గ్రూప్ ఓటీటీ జియోహాట్‌స్టార్ 90 రోజులు ఫ్రీగా ఇచ్చింది. ఐపీఎల్ టైమ్! డేటా రేటు మారలేదు, చందా మాత్రమే కలిపారు. కాబట్టి 2016 రూల్‌కి ఇది దొరకదు. మిగతా కంపెనీలూ ఇలాంటి ప్యాకులు అమ్ముతాయనుకో.

తమ్ముడు: మరి ఏం చేయాలంటావ్?

అక్క: కేబుల్ టీవీని చూడు. ఏ ఆపరేటర్ అడిగినా ఛానెల్‌వాళ్లు వివక్ష లేకుండా సిగ్నల్ ఇవ్వాలని ట్రాయ్ 2004లోనే పెట్టింది. 'మస్ట్ ప్రొవైడ్' అంటారు. సొంత పైపు ఉన్న ఓటీటీకి అలాంటిది చాలు: వేరే సిమ్ వాడేవాడికీ అదే మ్యాచ్, అదే ధరకి.

తమ్ముడు: టెలికాం వాళ్లేమో, ఓటీటీలు వీడియోలతో మా పైపులు నింపేస్తున్నాయి, మాకు వాటా ఇవ్వాలి అంటున్నారుగా?

అక్క: డేటా డబ్బులు మనం కట్టేశాం కదరా! కొరియాలో గేమ్‌ల లైవ్ వీడియోల సైట్ ట్విచ్ అలాంటి నెట్‌వర్క్ ఫీజులు భరించలేక 2024 ఫిబ్రవరిలో సర్దుకుంది.

తమ్ముడు: సరే, నాన్నకి ఏం చెప్పను?

అక్క: రిమోట్ మీద యాప్ పేర్లతో బటన్లుంటాయి చూడు, వాటికి టీవీ కంపెనీలు డబ్బు తీసుకుంటాయని చెప్పు. అది పైపూ కాదు, కొట్టూ కాదు. ఆయన వచ్చే వారం దాకా ఆలోచిస్తారు.