రన్నర్లకి లూప్ బ్యాండ్ ఎంతవరకు పనికొస్తుంది? తుంటి బలంపై రివ్యూ

నమస్తే అండీ. మోకాలి నొప్పి అని చెప్పిన రన్నర్‌కి ఎక్కువగా చేతికొచ్చేది ఈ చిన్న లూప్ బ్యాండే, అంటే కాళ్ల చుట్టూ వేసుకునే సాగే గుండ్రటి పట్టీ. ఏ రకం తీసుకోవాలి, కాలికి ఎక్కడ వేసుకోవాలి, ఎప్పుడు పక్కన పెట్టేయాలి, ఇవాళ చూద్దాం.

ముందు తుంటి చేసే పని తెలియాలి. పరిగెడుతుంటే రెండు పాదాలూ ఒకేసారి నేల మీద ఉండవు. ప్రతి అడుగూ ఒంటికాలి మీద దిగడమే, అదీ ఒంటి బరువుకి రెండు మూడు రెట్ల భారంతో. ఆ క్షణంలో నడుము ఒక పక్కకి జారకుండా పట్టుకునేది తుంటి పక్కన ఉండే గ్లూటియస్ మీడియస్ కండరం. అది చాలకపోతే గాల్లో ఉన్న కాలి వైపు నడుము దిగుతుంది, నేల మీదున్న కాలి తొడ లోపలికి తిరుగుతుంది, మోకాలు కూడా లోపలికి వాలుతుంది. ఫోన్ ఎదురుగా పెట్టి ఒంటికాలి మీద ఐదు చిన్న స్క్వాట్లు తీసి చూసుకోండి, మీకే కనిపిస్తుంది.

ఇక బ్యాండ్. ఫ్యాబ్రిక్‌ది తొడ మీద జారదు, చుట్టుకుపోదు, చర్మాన్ని లాగదు. కానీ తక్కువే సాగుతుంది. లేటెక్స్‌ది తాడులా చుట్టుకుపోతుంది, చెమటకీ ఎండకీ పాడవుతుంది, సన్నని పగుళ్లు కనిపిస్తే తెగేలోపు పారేయాలి. అయినా ఒక్కటే కొనేట్టయితే నేను లేటెక్స్‌కే ఓటేస్తాను, ఎందుకంటే దాన్ని పాదాలకి కూడా వేసుకోవచ్చు. లేటెక్స్ అలర్జీ ఉన్నవాళ్లు మాత్రం ఫ్యాబ్రిక్ తీసుకునేముందు కూడా లోపల ఏ రబ్బరు వాడారో చూసుకోండి.

పాదాలకి వేస్తే ఏంటి లాభం? మోకాళ్ల పైన వేస్తే పని తేలిక. చీలమండలకి దింపితే అదే బ్యాండ్ బరువెక్కుతుంది. పాదాల ముందు భాగానికి వేస్తే కాళ్లని లోపలికి తిప్పేలా లాగుతుంది, దాన్ని ఆపడానికి పిరుదు కండరాలు ఇంకా గట్టిగా పనిచేయాలి. మోకాళ్లు కొంచెం వంచి, పిరుదులు వెనక్కి పెట్టి, పక్కకి పది పన్నెండు అడుగులు వేయండి, మళ్లీ వెనక్కి రండి. ఇలా మూడు సెట్లు. రెండో పాదాన్ని విసిరేసినట్టు లాక్కోకుండా నెమ్మదిగా తీసుకురండి, పాదాలు పూర్తిగా కలపొద్దు, బ్యాండ్ వదులైపోతుంది. ఎక్కువమంది ఇక్కడ నిటారుగా నిలబడి ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతారు. అప్పుడు పని పిరుదు నుంచి తొడ ముందు పక్కనున్న కండరానికి పోతుంది. ఇంకో సంగతి, కదిలే కాలికంటే నేల మీదున్న కాలి పిరుదే ఎక్కువ కష్టపడుతుంది. మంట అక్కడ వస్తే సరిగ్గా చేస్తున్నట్టే.

క్లామ్‌షెల్‌కి, అంటే పక్కకి పడుకుని మోకాళ్లు వంచి, పాదాలు కలిపే ఉంచి పై మోకాలిని తెరిచే వ్యాయామానికి, నా మార్కులు తక్కువ. నొప్పితో నిలబడి చేయలేనప్పుడు మంచిది. చేసేటప్పుడు నడుము వెనక్కి దొర్లిపోకుండా వీపు గోడకి ఆనించండి.

అసలు లోటు చెబుతాను. ఒంటికాలి మీద పడే అంత భారానికి బ్యాండ్ ఒక్కటే మిమ్మల్ని సిద్ధం చేయలేదు. తేలికైపోయిన బ్యాండ్‌తోనే నెలల తరబడి చేస్తూ బలం పెరగలేదు అనుకోవడం చాలా బాధ కలిగించే విషయం. అందుకే మూడు నాలుగు వారాల్లో ఒంటికాలి బ్రిడ్జికి (వెల్లకిలా పడుకుని ఒక పాదం మీదే పిరుదులు పైకి లేపడం), పదిహేను ఇరవై సెంటీమీటర్ల మెట్టు మీద నుంచి నెమ్మదిగా దిగే స్టెప్ డౌన్‌కి, ఆ తర్వాత డంబెల్స్ పట్టుకుని స్ప్లిట్ స్క్వాట్‌కి (ఒక కాలు ముందు, ఒకటి వెనక పెట్టి కిందికి దిగి లేవడం) వెళ్లండి. కాలికి ఎనిమిది చొప్పున మూడు సెట్లు, వారానికి రెండు రోజులు. లాంగ్ రన్ ముందు రోజు వద్దు.

మొబిలిటీకి ఒక్కటే నేర్చుకోవాలంటే ఒక మోకాలు నేల మీద ఆనించి, రెండో పాదం ముందు పెట్టి, తుంటి ముందు కండరాలని సాగదీసే హిప్ ఫ్లెక్సర్ స్ట్రెచ్. ముందుకి తోసుకుంటూ పోతే వంగేది నడుమే, తుంటి కాదు. మొదట, మోకాలు నేలకి ఆనించిన కాలి వైపు పిరుదు బిగించండి, తోక ఎముకని కిందికి లాగండి, అప్పుడు కొంచెమే ముందుకి జరగండి. ముప్పై సెకన్లు, రెండుసార్లు చాలు. తుంటి ముందు చిటుక్కుమని పొడిస్తే లోతు తగ్గించండి, బలవంతంగా సాగదీయొద్దు.

గజ్జల్లో నొప్పి పరుగుతో పెరుగుతూ, ఒంటికాలి మీద బరువు వేస్తే గుచ్చుతూ, రాత్రి కూడా వేధిస్తుంటే ఈ వ్యాయామాలేవీ చేయొద్దు. తొడ ఎముక మెడ దగ్గర (తుంటి కీలు పక్కన) స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదే పదే పడే భారానికి వచ్చే సన్నని పగులు, కావచ్చు. పరుగు ఆపేసి వెంటనే డాక్టర్‌కి చూపించండి.