మునగాకు పొడి, నీలం మూత ట్యూబు, మా పెద్దమ్మ ఐఎన్‌ఆర్

(చేతిలో ట్యూబు, కెమెరా బాగా దగ్గరగా)

ఈ ట్యూబు చూడండి. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఐఎన్‌ఆర్ టెస్టుకు రక్తం తీసేది ఇందులోనే. మూత లేత నీలం. అడుగున నీళ్లలాగా కొంచెం కనబడుతోంది కదా, అది సోడియం సిట్రేట్. 9 పాళ్లు రక్తం, 1 పాలు సిట్రేట్, అందుకే ఈ గీత వరకే, సరిగ్గా గీత వరకే రక్తం తీయాలి, తక్కువ తీస్తే రిపోర్టు తప్పు వస్తుంది. సిట్రేట్ రక్తంలోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, కాల్షియం లేకపోతే రక్తం గడ్డకట్టదు. ఆ తర్వాత ట్యూబును గిర్రున తిప్పి, పైకి తేలిన ప్లాస్మాలో, అంటే రక్తకణాలు లేని నీటి భాగంలో, మళ్లీ కాల్షియం, దాంతోపాటు గడ్డకట్టడాన్ని మొదలుపెట్టే థ్రాంబోప్లాస్టిన్ కలిపి, గడ్డ కట్టడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తాం. మామూలు మనిషికి ఇంచుమించు 11 నుంచి 13 సెకన్లు. ఏ ల్యాబులో చేసినా పోల్చుకునేలా ఆ సెకన్లను మార్చి వేసే లెక్కే ఐఎన్‌ఆర్. రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడనివాళ్లకు అది 1 దగ్గర ఉంటుంది.

నేను కడపలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఈ వీడియో మా పెద్దమ్మ వల్ల చేస్తున్నా.

ఆమెది మైదుకూరు దగ్గర పల్లె. గుండెలో మైట్రల్ వాల్వు మార్చారు, లోహపు వాల్వు. దాని మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ రాత్రి ఎసిట్రోమ్ మాత్ర వేసుకోవాలి, ఐఎన్‌ఆర్ 2.5కీ 3.5కీ మధ్య ఉండాలని డాక్టర్ చెప్పారు. రెండేళ్లు బాగానే ఉంది. పోయిన వేసవిలో ఎవరో “ఈ మాత్ర వేసుకునేవాళ్లు ఆకుకూర ముట్టకూడదు” అన్నారంట. అంతే, సంగట్లోకి పుల్లగూర లేకుండా ముద్ద దిగని మనిషి ఆకుకూర పూర్తిగా మానేసింది. టెస్టు చేస్తే 4.8. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం, మోచేతి దగ్గర నల్లగా కమిలిన మచ్చ. డాక్టర్ మాత్ర తగ్గించారు. తర్వాత కోడలు “నీరసంగా ఉన్నావు అత్తా” అని మునగాకు పొడి డబ్బా తెచ్చిపెట్టింది, రోజూ రెండు చెంచాలు మజ్జిగలో. ఈసారి 1.6. ఆ రిపోర్టు నా చేతులతో నేనే తీశా, నాకు కాళ్లు చల్లబడ్డాయి. ఎక్కువైతే రక్తం కారుతుంది, తక్కువైతే వాల్వు మీద గడ్డ కడుతుంది, అది మెదడుకు పోతే పక్షవాతం. పెద్దమ్మకు ఐఎన్‌ఆర్ పెరగడం, పడిపోవడం రెండూ ఆకు వల్లే జరిగాయి.

ఎలాగంటే, మన కాలేయం గడ్డకట్టే ప్రొటీన్లు కొన్నింటిని, 2, 7, 9, 10 అని నంబర్లతో పిలుస్తారు, కే విటమిన్ సాయంతోనే పనికొచ్చేలా చేస్తుంది. ఎసిట్రోమ్, దానిలాంటిదే ఇంకో మాత్ర వార్ఫరిన్ ఆ కే విటమిన్ పనికి అడ్డుపడతాయి. రక్తం పల్చబడే మాత్ర అంటారు గానీ రక్తం నీళ్లలా ఏమీ పల్చబడదు, గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. కే విటమిన్ ఆకులోని పచ్చదనం దగ్గరే ఉంటుంది, అందుకే పాలకూర, తోటకూర, గోంగూర, మునగాకు అన్నింటిలోనూ ఉంది. ఎండబెట్టి పొడి చేస్తే గుప్పెడు ఆకు ఒక చెంచాలోకి వచ్చేస్తుంది. ఆకు మానేస్తే కే విటమిన్ తగ్గి మాత్ర పని ఎక్కువవుతుంది, ఐఎన్‌ఆర్ పెరుగుతుంది; ఆకు ఎక్కువైతే మాత్ర పని తగ్గి ఐఎన్‌ఆర్ పడిపోతుంది.

కాబట్టి ఆకుకూర మానొద్దండీ. వారానికి రెండుసార్లు తినేవాళ్లు ఆ రెండుసార్లే, ఇంచుమించు అంతే తినండి. మీ తిండికి తగ్గట్టు డాక్టర్ మాత్ర సరిచేస్తారు. తిండి ఉన్నట్టుండి మారితేనే ఇబ్బంది.

అసలు ఈ మందు పుట్టింది కూడా మేత నుంచే. 1920ల్లో అమెరికా, కెనడాల్లో ఆవులకు ఒక జబ్బు వచ్చింది, కొమ్ము కోసినా, చిన్న దెబ్బ తగిలినా రక్తం ఆగక చచ్చిపోయేవి. అవి తిన్నది స్వీట్ క్లోవర్ అనే గడ్డి, వానకు తడిసి బూజు పట్టిన గడ్డి. చేతిలో డబ్బుల్లేక, వేరే మేత కొనలేక రైతులు దాన్నే వేశారు, మన అనంతపురం, కడప రైతులకు ఆ బాధ వేరే చెప్పాలా. 1933లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఒక రైతు చచ్చిన ఆవునూ, గడ్డకట్టని రక్తం నింపిన పాల క్యానునూ మంచు తుపానులో వేసుకుని వచ్చాడు, కార్ల్ పాల్ లింక్ అనే శాస్త్రవేత్త దగ్గరికి. ఆ గడ్డిలో కూమరిన్ అనే పదార్థం ఉంటుంది, మంచి వాసనొస్తుంది, అది దానంతటది రక్తాన్ని ఏమీ చేయదు. బూజు పట్టినప్పుడు డైకూమరాల్‌గా మారుతుంది, ఆవుల్ని చంపింది అదే. దాని దారిలోనే వార్ఫరిన్ వచ్చింది, మొదట ఎలుకల మందుగా, 1954 నుంచి మనుషులకు.

(వంటింట్లో, పసుపు డబ్బా దగ్గర)

ఇప్పుడు పసుపు. మన కడప పసుపు మార్కెట్ పక్కనే ఉండి పసుపు గురించి భయపెట్టడం నాకిష్టం లేదు. కూరలో వేసే చిటికెడుతో భయం లేదు. కానీ పసుపు సారం క్యాప్సూల్స్ వేరు. 2018లో న్యూజిలాండ్ మందుల నియంత్రణ సంస్థ మెడ్‌సేఫ్ ఒక హెచ్చరిక ఇచ్చింది: వార్ఫరిన్ మీద నిలకడగా ఉన్న ఒక మనిషి పసుపు ఉత్పత్తి మొదలుపెట్టిన కొన్ని వారాలకే ఐఎన్‌ఆర్ 10 దాటింది. 10 అంటే, లోపల ఎక్కడైనా రక్తం కారొచ్చు.

వెల్లుల్లి, జింక్గో అనే చెట్టు ఆకు సారం లాంటివి ప్లేట్‌లెట్ల మీద, అంటే గడ్డ కట్టడానికి అతుక్కునే చిన్న రక్తకణాల మీద పనిచేస్తాయి, ఆ కణాలు ఒకదానికొకటి అతుక్కోకుండా చేస్తాయి. పప్పు తాలింపులో నాలుగు రెబ్బలు ఫర్వాలేదు, పొద్దున్నే పరగడుపున పచ్చివి మింగేవాళ్లు, క్యాప్సూల్స్ వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌కు చెప్పాలి, ముఖ్యంగా ప్లేట్‌లెట్ల మీదే పనిచేసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు వేసుకునేవాళ్లు. ఇంకో విషయం, ప్లేట్‌లెట్ల సంగతి ఐఎన్‌ఆర్‌లో కనబడదు. రిపోర్టు బాగుంది కదా అని ధీమా పడొద్దు.

రక్తం ఆపే ఆకు కూడా ఉంది, మీకు తెలిసిందే. గడ్డిచామంతి. గట్ల మీద, రోడ్డు పక్కన, మధ్యలో పసుపు, చుట్టూ లేత రేకులతో చిన్న పువ్వు, ఆకు మీద నూగు. కొడవలి తెగితే మా తాత ఆకు నలిపి రసం పిండేవాడు, రెండు నిమిషాలకు ఆగేది. ల్యాబు పరీక్షల్లోనూ దాని రసం రక్తం గడ్డకట్టే సమయాన్ని తగ్గించింది. కానీ మట్టిలో తెగిన గాయానికి ధనుర్వాతం టీకా కావాలి, అది ఆకులో లేదు. ఎసిట్రోమ్ వేసుకునేవాళ్లకు తెగితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకుని ఆసుపత్రికి రండి.

పన్ను పీకించుకునే ముందు, ఆపరేషన్ ముందు, “ఏ మందులు వాడుతున్నారు” అని అడిగితే చాలామంది మాత్రలే చెబుతారు. కషాయం, పొడి, లేహ్యం మందుల లెక్కలోకి రావనుకుంటారు. ఆ డబ్బానే సంచిలో వేసుకుని పోయి చూపించండి, అప్పుడు పేరు గుర్తులేకపోయినా ఇబ్బంది లేదు. మలం తారులా నల్లగా వచ్చినా, ముక్కు నుంచి రక్తం ఆగకపోయినా, తలకు దెబ్బ తగిలినా టెస్టు తేదీ కోసం ఆగొద్దు. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, రెండు వేసుకోవద్దు.

పెద్దమ్మ ఇంట్లో ఇప్పుడు క్యాలెండర్ మీద మంగళవారం, శుక్రవారం పక్కన ఆకుపచ్చ పెన్నుతో గుర్తు ఉంటుంది, ఆ రెండు రోజులే పుల్లగూర. మునగాకు డబ్బా డాక్టర్‌కు చూపించి వచ్చాక కోడలే తీసుకుంది. పోయిన బుధవారం నీలం మూత ట్యూబులో వచ్చింది 2.9.