చదువుతోపాటు పని: లైబ్రరీ ట్రాలీ దగ్గర మొదలుపెడదాం

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లలకు నెలాఖరు వస్తోందంటే మెస్ బిల్లు గుర్తొస్తుంది. ఫోన్ రీచార్జి, జిరాక్సులు, బస్ పాస్ గుర్తొస్తాయి. మళ్లీ ఇంటికి ఫోన్ చేసి అడగాలంటే మొహమాటం. అప్పుడు చాలామంది క్యాంపస్ బయట పని వెతుకుతారు. రాత్రిపూట బండి మీద పార్సిళ్లు, కాల్ సెంటర్, అమీర్‌పేటలో ఎక్కడో డేటా ఎంట్రీ. ఆ పనులు తక్కువవని అనను. కానీ సాయంత్రం ట్రాఫిక్‌లో తార్నాక నుంచి అమీర్‌పేటకు పోయి రావడానికి పట్టే సమయానికి ఎవరూ జీతం కట్టివ్వరు. అందుకే ఇవాళ గేటు దాటకుండా దొరికే పని గురించి మాట్లాడుకుందాం.

ఏ పని మంచిది? నేను రెండే ప్రశ్నలు వేసుకోమంటాను. చేతికి ఏం వచ్చింది, అంటే ఏం నేర్చుకున్నాను? నా పని చూసినవాళ్లు ఎవరు? ఒక మూల కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్ల చేత రిజిస్టర్లో సంతకాలు పెట్టించడం సుఖంగానే ఉంటుంది, పుస్తకం కూడా చదువుకోవచ్చు. కానీ ఆరు నెలల తర్వాత ఈ రెండు ప్రశ్నలు వేసుకుంటే జవాబు ఉండదు.

గేట్ అనే ప్రవేశ పరీక్ష స్కోరుతో ఎం.టెక్‌లో చేరినవాళ్లకు దారి ముందే వేసి ఉంది. నెలకు 12,400 రూపాయల స్టైపెండ్, దానికి వారానికి 8 గంటల డిపార్ట్‌మెంట్ పని. వారానికి 8 గంటలన్న ఆ లెక్కను డిగ్రీ, పీజీ పిల్లలు కూడా గుర్తుపెట్టుకోవాలి. ఎనిమిది, మహా అయితే పది. అంతకు మించితే ముందు నిద్ర తగ్గుతుంది, తర్వాత హాజరు తగ్గుతుంది. హాజరు 75 శాతం గీత కిందికి పడిపోయాక, సంపాదించిన డబ్బు ఆ తగ్గిన హాజరును మన్నించమని కట్టే కండొనేషన్ ఫీజుకే పోతుంది.

ఇక నాకు బాగా ఇష్టమైన పని గురించి చెప్తాను. లైబ్రరీలో పుస్తకాలు సర్దే పని. చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తారు. పుస్తకం తీసుకెళ్లి అరలో పెట్టడమే కదా అంటారు. ఆ పెట్టడంలోనే ఉంది అసలు విద్య.

మన దగ్గర చాలా కాలేజీ లైబ్రరీలు డ్యూయీ దశాంశ పద్ధతి వాడతాయి, అంటే ఒక్కో విషయానికి ఒక్కో నంబరు ఇచ్చి పుస్తకాల్ని వరస పెట్టే పద్ధతి. పుస్తకం వెన్ను మీద చిన్న లేబుల్ ఉంటుంది, దాని మీద ఒక నంబరు. తెలుగు సాహిత్యానికి ఆ నంబరు 894.827. మళ్లీ చెప్తున్నాను, 894.827. దాని చివర ఒకటి చేరితే కవిత్వం, రెండు చేరితే నాటకం, మూడు చేరితే కథలు, నవలలు. పక్కనే తమిళం 894.811, కన్నడం 894.814. ఈ నాలుగైదు నంబర్లు నోటికి వస్తే సాహిత్యం అరల్లో సగం దారి తెలిసినట్టే.

కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కడ తప్పు చేస్తారంటే, పాయింట్ తర్వాతి అంకెల్ని మామూలు సంఖ్యలాగా చదువుతారు. ఒక పుస్తకం 894.9, ఇంకొకటి 894.811 అనుకోండి. తొమ్మిది చిన్నది, ఎనిమిది వందల పదకొండు పెద్దది అనుకుని 894.9ని ముందు పెట్టేస్తారు. అది తప్పు. ఇవి దశాంశాలు. పాయింట్ తర్వాత ఒక్కో అంకెనే పోల్చాలి. ఎనిమిది ముందు, తొమ్మిది తర్వాత. కాబట్టి 894.811 ముందు వస్తుంది, 894.9 ఎక్కడో వెనక్కి పోతుంది.

ఇంత పట్టింపు ఎందుకంటే, తప్పు అరలో పెట్టిన పుస్తకం పోయిన పుస్తకంతో సమానం. కంప్యూటర్‌లో చూస్తే లైబ్రరీలోనే ఉందంటుంది. అరలో చూస్తే ఉండదు. దానికోసం వచ్చిన విద్యార్థి పరీక్ష ముందు ఉత్త చేతులతో వెళ్లిపోతాడు. పుస్తకాలన్నీ లెక్క చూసే ఏ స్టాక్ వెరిఫికేషన్‌లోనో బయటపడేదాకా అది అక్కడే పడి ఉంటుంది.

తెలుగు పుస్తకాల దగ్గర ఇంకో చిక్కు ఉంది. లేబుల్ మీద ఆ విషయం నంబరు, అంటే క్లాస్ నంబరు కింద రచయిత పేరులోని అక్షరాలు ఉంటాయి. అవి ఇంటిపేరువా, సొంత పేరువా? మనకు ఇంటిపేరు ముందొస్తుంది. ఒక లైబ్రరీ ఇంటిపేరు పట్టుకుంటుంది, ఇంకొకటి సొంత పేరు పట్టుకుంటుంది. మీ లైబ్రరీ ఏది పాటిస్తుందో మొదటి రోజే అడగండి. అడగకుండా ఊహించుకుంటే ఒక్క వారంలో ఒక వరస మొత్తం కలగాపులగం అవుతుంది.

చేతిపని సంగతి. ట్రాలీ నింపేటప్పుడు బరువు పుస్తకాలు కింద అరలో పెట్టాలి. పైన పెడితే మలుపులో ట్రాలీ ఒరుగుతుంది. అరల మధ్యకు వెళ్లేముందే ట్రాలీ మీద వరస కట్టుకోండి. అలా చేయకపోతే ఒకే అర దగ్గరికి నాలుగుసార్లు తిరగాల్సి వస్తుంది. పుస్తకాన్ని వెన్ను పైకొన పట్టి లాగొద్దు, అక్కడే చిరుగుతుంది. అటూఇటూ ఉన్న పుస్తకాల్ని కాస్త లోపలికి నెట్టి, మధ్యలో పట్టుకుని తీయండి. ప్రతి అరలో జానెడు ఖాళీ వదలండి. కిక్కిరిసిన అరలో కొత్త పుస్తకం దూర్చితే చిన్నవి వెనక్కి జారి, అర వెనక సందులో పడిపోతాయి. వరస సరిచూసే పని ఒక్క గంటకు మించి ఒకేసారి చేయొద్దు. ఆ తర్వాత కళ్లు అంకెల్ని చూస్తాయి గానీ మనసు చదవదు.

ఇప్పుడు మన రెండు ప్రశ్నలు. చేతికి ఏం వచ్చింది? ఏ విషయం మీద పుస్తకాలు ఎక్కడుంటాయో తెలిసింది. క్యాటలాగ్‌లో ఏ మాట కొడితే ఏది దొరుకుతుందో తెలిసింది. కోహా లాంటి లైబ్రరీ సాఫ్ట్‌వేర్ అలవాటైంది. రేపు ప్రాజెక్టు రాసేటప్పుడు మీ క్లాసులో అందరికంటే ముందు పుస్తకం మీ చేతిలో ఉంటుంది. నా పని చూసినవాళ్లు ఎవరు? లైబ్రేరియన్. మీరు వేళకు వచ్చారా, సర్దిన వరస నిలిచిందా అన్నది ఆయనకు, ఆమెకు కళ్లెదుట కనబడుతుంది. అలాంటివాళ్లు రాసిచ్చే ఉత్తరానికి విలువ ఉంటుంది.

లైబ్రరీ ఒక్కటే కాదు, క్యాంపస్‌లో ఇంకా పనులున్నాయి. సైన్స్ పిల్లలకు ల్యాబులో స్టాక్ రిజిస్టర్, గాజుసామాను పని. భాష బాగా వచ్చినవాళ్లకు చూపులేని తోటి విద్యార్థుల కోసం పుస్తకాలు చదివిపెట్టడం, స్కాన్ చేసిన పాఠంలో ఒత్తులూ గుడులూ సరిదిద్దడం. ఈ చివరి పని నిజంగా గొప్పది. దాని గురించి ఇంకోసారి వివరంగా మాట్లాడుకోవాలి.

ఒక హెచ్చరిక. పని ఇప్పిస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అని ఎవరైనా అంటే, అది క్యాంపస్ పేరుతో వచ్చినా సరే, ఒక్క రూపాయి కట్టొద్దు. పని ఇచ్చేవాళ్లు డబ్బు ఇస్తారు, అడగరు. ఫెలోషిప్ అందుకుంటున్నవాళ్లు ఇంకో చోట డబ్బు తీసుకోవచ్చో లేదో ముందు షరతులు చదవండి.

ఇంకొకటి. ఇలాంటి పనుల్లో చాలావరకు నోటీసు బోర్డు దాకా రావు. సెమిస్టర్ మొదటి వారంలోనే, రద్దీ లేని వేళ చూసి, మీరే లైబ్రేరియన్ గదికి వెళ్లండి. ఉత్త చేతులతో వెళ్లొద్దు. ఒక కాగితం తీసుకెళ్లండి. పైన పేరు, కోర్సు, రోల్ నంబరు. కింద మీ వారం టైంటేబుల్ గీసి, ఖాళీ గంటల్ని గళ్లలో దిద్దండి. మంగళవారం రెండు నుంచి నాలుగు, గురువారం పది నుంచి పన్నెండు, అలా. నాకు ఏదైనా పని ఇవ్వండి సార్ అన్న మాటకు, ఈ గంటల్లో నేను రాగలను మేడమ్ అన్న మాటకు చాలా తేడా ఉంది. మొదటిదానికి ఆమె ఆలోచించాలి. రెండోదానికి ఆమె తన డ్యూటీ చార్టు తీసి చూస్తుంది.

ఆ కాగితం మీదే ఇంటర్నల్స్ తేదీలు కూడా రాయండి. ఆ వారాల్లో రాలేనని ముందే చెప్పండి. ముందు చెప్తే సెలవు, ఆ రోజు చెప్తే ఎగవేత. గంటకు ఎంత ఇస్తారు, హాజరు రిజిస్టర్లో ఎవరు సంతకం పెడతారు, బిల్లు ఏ తేదీకి అకౌంట్స్ సెక్షన్‌కు వెళ్తుంది, ఈ మూడూ అక్కడే అడిగి రాసుకోండి. బ్యాంకు ఖాతా మీ పేరు మీదే ఉండాలి, పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్స్ దగ్గర పెట్టుకోండి. మొదటి నెల డబ్బు ఆలస్యంగా రావచ్చు కాబట్టి, ఆ నెల మెస్ బిల్లు దాని మీద పెట్టుకోకండి. నమస్కారం.